ఇల్లు ఎవరి పేర రాశాడు?

“లోకం ఏమనుకుంటే మనకేం?” అన్న మాట వినడానికి ఎంత బాగుంటుందో! నా నవలల్లో చాలామంది నాయికల చేత నేనూ ఆ మాట అనిపించాను. అనిపించి, చేతికో సూట్‌కేసు ఇచ్చి, గుమ్మం దాటించి, “సమాప్తం” అని రాసి చేతులు దులుపుకున్నాను. అలాంటి నవల ఒకటి చదివి విజయనగరం నుంచి ఒకావిడ కార్డు రాసింది: “అంతా బాగుందండీ. కానీ మీ నాయిక ఆ రాత్రి ఎక్కడ పడుకుంది?” కొంటె ప్రశ్న అనుకున్నాను. నాయిక ఆత్మగౌరవం గురించి నాలుగు ముక్కలు రాసి పడేశాను గాని, ఆవిడ అడిగినదానికి మాత్రం జవాబు రాయలేదు.

ఆ బాకీ నన్ను పిరాన్‌లో పట్టుకుంది.

ఏడ్రియాటిక్ సముద్రంలో స్లొవేనియా దేశం వంతుకి వచ్చిన తీరం యాభై కిలోమీటర్లు కూడా లేదు. ఆ కాస్తలోనే నీళ్ళలోకి చొచ్చుకుపోయిన కొస మీద ఉంది పిరాన్. ఎర్ర పెంకుల ఇళ్ళు. ఎదురుగా మనిషొస్తే మనం గోడకి ఒత్తుకోవలసిన సందులు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ గంటగోపురాన్ని చూసి కట్టుకున్న గంటగోపురం ఒకటి కొండ మీద. 1283 నుంచి 1797 దాకా ఈ ఊరు వెనిస్ ఏలుబడిలో ఉండేది. ఇప్పటికీ ఊరి పేరు స్లొవీన్ భాషలో పిరాన్ అనీ, ఇటాలియన్‌లో పిరానో అనీ రెండు విధాలా రాసి ఉంటుంది. ఊరిని నేనేమీ అనడం లేదు. మనసు పారేసుకోదగ్గ ఊరే. నా తగువల్లా ఆ ఊళ్ళోని ఒక ఇంటి కథతో.

ఊరి నడిబొడ్డున పెద్ద చౌకు ఉంది. ఒకప్పుడు అది చేపల పడవలు కట్టేసుకునే లోపలి రేవు. 1894లో పూడ్చేశారు. ఆ చౌకులో ఒక మూలగా ముదురెరుపు రంగు మేడ నిలబడి ఉంటుంది. పదిహేనో శతాబ్దంలో కట్టింది. సన్నటి కోసు కిటికీలు, మూల మీద రాతి బాల్కనీ, కిటికీల మధ్య చెక్కిన సింహం. ఆ సింహం దగ్గర రాతి పట్టీ మీద ఇటాలియన్ యాసలో మూడు మాటలు: “లాస్సా పూర్ దీర్.” అంటే, “అననీ, ఏమంటారో అననీ” అని.

మా గైడు కుర్రాడు కథ చెప్పాడు. వెనిస్ నుంచి వచ్చిన ధనవంతుడైన వర్తకుడు ఈ ఊరి పిల్లని చూసి మోహించాడట. వచ్చినప్పుడల్లా కలుసుకోవడానికి ఈ మేడ కట్టించాడట. ఊరంతా గుసగుసలు మొదలుపెట్టిందట. ఆ పిల్ల బాధపడితే, “అననీ” అని రాతి మీద చెక్కించి గోడకి పెట్టించాడట. మా గుంపులో అందరూ “అబ్బ!” అన్నారు. మగవాళ్ళు ఫోటోలు తీశారు. ఆడవాళ్ళు ఆ మేడ ముందు నిలబడి తీయించుకున్నారు. నేనూ నిలబడ్డాను, దాచడం దేనికి?

అప్పుడు మా వెనక నుంచి ఒక గొంతు: “ఇంతకీ ఇల్లు ఎవరి పేర రాశాడు నాయనా?”

రాజమండ్రి నుంచి వచ్చిన పిన్నిగారు. డెబ్భై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ నొప్పులతో అందరికన్నా వెనకగా వచ్చి, అందరికన్నా ముందు అడగవలసిన ప్రశ్న అడిగింది. గైడుకి తెలుగు రాదు కదా, నేనే తర్జుమా చేశాను. అతను నవ్వేసి, అది ప్రేమకథ మేడమ్, ఆస్తి కథ కాదు అన్నాడు. అందరూ నవ్వారు.

పిన్నిగారు నవ్వలేదు.

బల్ల మీద కూచున్నాక మెల్లిగా చెప్పుకొచ్చింది. ఆవిడకీ ఒక ఇల్లుండేది. ముప్ఫై ఏళ్ళు ముగ్గేసిన వాకిలి. పెద్దాయన పోయిన ఏడాదికి పిల్లలు కాగితాలు తెచ్చారు. “సంతకం పెట్టమన్నారమ్మా, పెట్టాను.” ఇప్పుడు నాలుగు నెలలు ఒకడి దగ్గర, నాలుగు నెలలు ఇంకొకడి దగ్గర, మిగతా నాలుగు నెలలు కూతురి దగ్గర. ఈ ప్రయాణం కూడా వంతులో భాగమే. “పిల్లలు మంచివాళ్ళే,” అని రెండుసార్లు చెప్పింది. “లోకం ఏమనుకున్నా నాకు భయం లేదమ్మా ఈ వయసులో. కానీ కోడలు ఏమనుకుంటుందోనని కాఫీ రెండోసారి అడగను.”

మీరే చెప్పండి, ఆ సింహం ఈవిడకేం చెబుతుంది?

అది చరిత్ర కాదు, కథే. ఒప్పుకుంటాను. కానీ కథ కనకనే నాకు కోపం! జరిగిందైతే జరిగినట్టు చెప్పాలి. కల్పించుకునేటప్పుడు మన ఇష్టమే కదా? మా గైడు చెప్పిన కథలో ఆ పిల్లకి పేరైనా లేదే! ఆ మూడు మాటలూ ఆవిడ అన్నవి కావు, ఆయన చెక్కించినవి. సరుకు దించి, ముద్దులాడి, గాలి అనుకూలంగానే తెరచాప ఎత్తేసుకుని పోయేవాడికి ఊరి మాటలు ఏం తగులుతాయి? అవి తగిలేది పొద్దున్నే లేచి చేపల బజారుకి వెళ్ళవలసిన మనిషికి. ఆ మనిషి తరఫున “అననీ” అనేసే హక్కు ఈయనకి ఎవరిచ్చారు? వెనిస్ చట్టంలో పెళ్ళాడిన భార్యకి, భర్త పోతే తన కట్నం తను తిరిగి రాబట్టుకునే వీలుండేది. మేడలో ఉంచుకున్న పిల్లకి ఏముంది? గోడ మీద సింహం.

ఆ చౌకు మధ్యనే ఇంకో మహానుభావుడున్నాడు. జుసెప్పె తార్తీనీ, వయొలిన్ విద్వాంసుడు. 1692లో ఇక్కడే పుట్టాడు. 1896లో కంచు విగ్రహం పెట్టారు. 1710లో రహస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. పెద్దలకి ఆగ్రహం వచ్చింది. ఈయన భార్య ఎలిజబెత్తాను పాదువాలో వదిలేసి, అసీసీ మఠంలో తలదాచుకుని కొన్నేళ్ళు వయొలిన్ సాధన చేసుకున్నాడు. ఆ సాధనే ఆయన్ని గొప్పవాణ్ణి చేసిందని పుస్తకాలు మెచ్చుకుంటాయి. ఆ కొన్నేళ్ళూ ఊరి మాటలు పడిందెవరు? విగ్రహానికి పూలదండ వేసేవాళ్ళు ఎవరూ ఆ సంగతి అడగరు.

అయితే ఆయనకి నేను ఒక మార్కు వేస్తాను. 1760లో వెనిస్ అనాథాశ్రమంలో పెరిగిన మద్దలేనా లొంబార్దీనీ అనే శిష్యురాలికి ఆయన ఒక ఉత్తరం రాశాడు. అందులో ధైర్యవచనాలు కాదు, కమాను ఎలా పట్టాలి, తీగ మీద ఎంత మెల్లిగా మొదలుపెట్టాలి, రోజూ ఏ పాఠం సాధన చెయ్యాలి అని పని నేర్పాడు. ఆ అమ్మాయి తర్వాత పారిస్‌లో, లండన్‌లో కచేరీలు చేసింది, సొంతంగా సంగీతం రాసింది. వంద సింహాలు చెక్కించినా ఆ ఉత్తరానికి సరిరావు.

ఈ పక్క పల్లెల్లో పూర్వం షవ్రింకలని ఆడవాళ్ళుండేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో కూడా ఉన్నారు. లోపలి ఊళ్ళు తిరిగి కోడిగుడ్లు పోగుచేసి, బుట్టలకెత్తుకునో గాడిద మీద వేసుకునో త్రియెస్తె పట్నానికి తీసుకెళ్ళి అమ్మేవారు. పట్నంలో సరుకులు కొని మళ్ళీ పల్లెలకి తెచ్చేవారు. రోజుల తరబడి ఇల్లు వదిలి తిరిగే ఆడవాళ్ళని గురించి ఊళ్ళు ఏమంటాయో మనకి ఒకరు చెప్పాలా? కానీ వాళ్ళు “అననీ” అంటే ఆ మాటకి బరువుంది. కొంగున డబ్బుంది, ఆ డబ్బుతో పొయ్యి వెలుగుతోంది. పిరాన్ పక్కనే సెచోవ్లే ఉప్పుమళ్ళలోనూ అంతే. ఏప్రిల్‌లో సెయింట్ జార్జి పండగకి పిల్లాపాపలతో కుటుంబం కుటుంబమంతా మళ్ళలోకి కాపురం మార్చి, ఆగస్టు నెలాఖరు దాకా ఉప్పు తీసేవారు. కింద ఉప్పు కొట్టు, మేడ మీద కాపురం. ఆ ఇళ్ళు ఇప్పుడు చాలామటుకు మొండిగోడలు. వాటి మీద ఏ మాటా చెక్కి లేదు.

చూశారా, నాకు “లోకం ఏమనుకుంటే ఏం” అనే మాటతో పేచీ లేదు. అది ఉత్త చేతులతో అనమనేవాళ్ళతోనే పేచీ. వాళ్ళలో మొదటిదాన్ని నేనే. పిన్ని సంతకం పెట్టేటప్పుడు ఆవిడ పక్కన కూచుని ఆ కాగితం చదివి చెప్పేవాళ్ళు కావాలి గాని, నా నవల ఏం చేస్తుంది? మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమంగా వాటా అన్నారు. అంతకుముందే పెళ్ళయిపోయినవాళ్ళకి లేదన్నారు. ఆ అడ్డు 2005లో కేంద్రం చట్టం మార్చాక గాని తొలగలేదు. అయినా, “అన్నయ్యని వాటా అడిగితే నలుగురూ ఏమనుకుంటారే” అని నోరు నొక్కేది ఎవరు? “నలుగురి మాటా పట్టించుకోకు, ధైర్యంగా బతుకు” అని ఆదివారం నీతులు చెప్పే ఆ మనుషులే! పెళ్ళి విషయంలో లోకాన్ని లెక్కచెయ్యకూడదు, పొలం విషయంలో మాత్రం లెక్కచెయ్యాలి. ఇదెక్కడి న్యాయమండీ?

తిరిగి బస్సెక్కే ముందు అందరూ కొట్లో దూరారు. పిన్నిగారు చిన్న సంచీ ఉప్పు కొంది. మళ్ళీ ఖరీదు అడిగి, మన డబ్బుల్లోకి మార్చి చెబితే గుండె మీద చెయ్యేసుకుంది. ఓ రెండు పలుకులు నోట్లో వేసుకుని, “ఉప్పగానే ఉందమ్మా,” అంది.

నేను సింహం బొమ్మ అయస్కాంతం ఒకటి కొన్నాను, “లాస్సా పూర్ దీర్” అని రాసున్నది. ఇంటికొచ్చి ఫ్రిజ్‌కి అంటించాను. మొన్న ఇంటిపన్ను రసీదు ఎగిరిపోకుండా దాని కింద పెట్టబోతూ చూశాను. ఈ ఇంటి వాయిదాల్లో సగం నా నవలల డబ్బు. రసీదు మీద పేరు మావారిది.