మార్కుల్లో రెండు మూపురాలు

‘ఎ’ విలువ 10, ‘బి’ విలువ 20. కింది వరుసలో ‘ఎ = బి’ అని ఉంది. ఇప్పుడు ఎ ఎంత, బి ఎంత? లండన్‌లోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయంలో సయీద్ దెహ్నాది ఇలాంటి ప్రశ్నలను ప్రోగ్రామింగ్ పాఠం ఇంకా మొదలుకాని విద్యార్థుల ముందుంచారు. జవాబు తప్పయినా సరే, అన్ని ప్రశ్నలకూ ఒకే పద్ధతి పాటించినవాళ్లే కోర్సులో నెగ్గుకొస్తారని ఆయన, సహ రచయిత రిచర్డ్ బోర్నాట్ తేల్చారు. ఒంటెకు రెండు మూపురాలున్నట్టే క్లాసులోనూ రెండు గుంపులుంటాయన్న వారి పత్రం 2006లో చేతులు మారుతూ ప్రపంచమంతా తిరిగింది. కోడింగ్ కొందరికి పుట్టుకతోనే వస్తుందని నమ్మే అధ్యాపకులకు అది కొండంత బలమైంది. అంత పెద్ద మాటకు తగిన ఆధారం లేదని ఒప్పుకుంటూ 2014లో బోర్నాటే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

నమ్మకం మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఎలిజబెత్ పాట్సాస్ బృందం కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 778 కంప్యూటర్ సైన్స్ తరగతుల తుది మార్కులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికి మించి శిఖరాలున్నట్టు గణాంక పరీక్షల్లో తేలినవి 5.8 శాతమే. అదే బృందం కొన్ని మార్కుల గ్రాఫులను అధ్యాపకులకు చూపించింది. ప్రతిభ పుట్టుకతో వస్తుందని నమ్మేవారికే వాటిలో రెండు గుంపులు ఎక్కువగా కనిపించాయి!

నమ్మకమే ఇలా చూపును మార్చేస్తుంది. కంప్యూటింగ్ విద్యా పరిశోధనకు సిద్ధాంతం ఎందుకంటే ఇందుకే. సిద్ధాంతం లేని అధ్యాపకుడంటూ ఉండడు. పైకి చెప్పని సిద్ధాంతాన్ని ఎవరూ పరీక్షించలేరు, అదే చిక్కు. కొత్త సాఫ్ట్‌వేర్ వాడాం, పిల్లలకు నచ్చింది అని ముగిసే పత్రాలు ఆ చిక్కును విప్పవు.

బ్రిటన్‌కు చెందిన బెనెడిక్ట్ డు బూలే 1980లలోనే మరో దారి చూపారు. ప్రోగ్రాం రాసే భాష వెనక ఒక ఊహా యంత్రం ఉంటుంది, ప్రతి విద్యార్థీ దాన్ని తన మనసులో ఒకలా చిత్రించుకుంటాడు. ‘ఎ = బి’ తర్వాత బి ఖాళీ అయిందనే విద్యార్థి, విలువ ఒక పెట్టెలోంచి మరో పెట్టెలోకి తరలిపోయిందని అనుకుంటున్నాడు. రెండూ తారుమారయ్యాయనే విద్యార్థి ఊహించిన యంత్రం వేరు. ఇలా చూస్తే తప్పు జవాబే ఏం చెప్పాలో చూపిస్తుంది.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథొనీ రాబిన్స్ 2010లో ఇంకో వివరణ ఇచ్చారు. ప్రోగ్రామింగ్‌లో ఒక భావన మీద ఇంకొకటి గట్టిగా ఆధారపడి ఉంటుంది. మొదటిది పట్టుబడితే రెండోది సులువవుతుంది, జారిపోతే మరింత కష్టమవుతుంది. పుట్టుకతో రెండు రకాల మనుషులున్నారని అనుకోకుండానే ఫలితాలు ఎక్కడైనా రెండు కొసలకు చీలితే, ఎందుకు చీలాయో ఇది చెప్పగలదు. రాబిన్స్ చెప్పింది నిజమైతే, రెండో వారంలో తడబడిన విద్యార్థికి అప్పుడే అదనపు క్లాసు పెట్టాలి. పుట్టుక వాదమే నిజమైతే ఆ క్లాసు దండగ. ఏది నిజమో తేలేదాకా నష్టపోయేది ఆ విద్యార్థే.