గవ్.ఇన్ అని ఉంటే చాలదు, యాడ ఉందో చూడాల

పోస్టు కొంచెం పొడుగుంటాది, ఓపికగా చదవండి.

మన గ్రూపులో స్కాలర్‌షిప్ లింకులు రోజూ వస్తాండాయి. ఏది అసలుదో, ఏది దొంగదో తెలియడం లేదు. ప్రొద్దుటూరులో, పులివెందులలో ఇంజినీరింగ్ చదివే మన తమ్ముళ్ళు ఈ లింకులను వడగట్టే చిన్న పైథాన్ కోడు రాస్తామని ముందుకొచ్చినారు. చాలా సంతోషం. అయితే జమ్మలమడుగు పక్క తండాలో ఉండే పిల్ల ఆ లింకును నమ్మి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, కుల ధ్రువపత్రం అన్నీ పెడతాది. అందుకే ఆ కోడులో ఒక్క లైను గురించి గట్టిగా చెప్తాండా: "అడ్రసులో గవ్.ఇన్ అని యాడున్నా సరే, పంపించు" అనే ప్యాటర్న్ పెట్టొద్దు. అట్లాంటి వడపోత కంటే అసలు లేకపోవడమే మేలు. లేకుంటే మనిషి అనుమానపడి ఎవరినన్నా అడుగుతాడు. "గ్రూపు చూసింది" అని పచ్చ టిక్కు పడినాక ఎవరూ అడగరు.

(అడ్రసులు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తాండా. టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాల.)

జ్ఞానభూమి అసలు అడ్రసు జ్ఞానభూమి.ఏపీ.గవ్.ఇన్. ప్యాటర్న్ *గవ్.ఇన్* అని రెండు పక్కలా స్టార్ పెట్టి రాస్తే ఇది పాసవుతాది, నిజమే. జ్ఞానభూమి.ఏపీ.గవ్.ఇన్.ఎగ్జాంపుల్.కామ్ కూడా పాసవుతాది. ఈ రెండోది ప్రభుత్వానిది కాదు, ఎగ్జాంపుల్.కామ్ ఎవరిదైతే వాళ్ళది. ఎడమ పక్క ముక్కలు సొంతదారు ఇష్టం. (ఎగ్జాంపుల్.కామ్ 1999 నుంచి ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన పేరు, భయపడొద్దు.) ఎగ్జాంపుల్.కామ్/జ్ఞానభూమి.ఏపీ.గవ్.ఇన్ అని గీత తర్వాత రాసినా అంతే. ఇంకా మోసం, ముందు జ్ఞానభూమి అడ్రసు మొత్తం పెట్టి, @ గుర్తు వేసి, ఆ తర్వాత ఎగ్జాంపుల్.కామ్ రాయడం. బ్రౌజరు @ తర్వాత ఉన్న చోటికే పోతాది.

కవరు మీద అడ్రసు ఎట్లా రాస్తాం? ఊరు, మండలం, జిల్లా. పెద్దది చివర. వెబ్ అడ్రసులో సైటు పేరు కూడా అంతే, కుడి నుంచి ఎడమకు చదవాల. బెంగళూరులో ఎవరో హోటలుకు ప్రొద్దుటూరు అని పేరు పెట్టుకుంటే ఆ హోటలు కడప జిల్లాలోకి రాదు కదా.

సరే, వెనక స్టార్ తీసేసి *గవ్.ఇన్ అని పెడదామంటారు కొందరు. అప్పుడు గవ్ ముందు చుక్క లేదు. కేంద్ర ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన మైగవ్ సైటు చూడండి, మైగవ్.ఇన్. అది అసలు ప్రభుత్వ సైటే, కానీ గవ్.ఇన్ కింద లేదు, నేరుగా .ఇన్ కింద ఉంది. గవ్.ఇన్ కింద పేరు ప్రభుత్వ శాఖలకే ఇస్తారు. వట్టి .ఇన్ కింద పేరు డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. చివర గవ్ వచ్చే పేరును రేపు ఇంకొకడు కొంటే మన ప్యాటర్న్ వాడికీ దండం పెడతాది. ఒక్క చుక్క తేడా.

స్టార్‌తో ఇంకో తలనొప్పి, దాని అర్థం చోటుకొకటి. పైథాన్‌లో ఎఫ్ఎన్‌మ్యాచ్ వాడితే స్టార్ చుక్కల్ని, గీతల్ని అన్నిటినీ మింగేస్తాది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో స్టార్ అంటే ముందున్న అక్షరం ఎన్నిసార్లైనా, అసలు లేకపోయినా అని. అక్కడ చుక్క కూడా చుక్క కాదు, ఏ అక్షరమైనా సరే అని. అందుకే గవ్-ఇన్.ఎగ్జాంపుల్.కామ్ కూడా దూరిపోతాది. క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌లో *.ఏపీ.గవ్.ఇన్ అంటే దాని కింద ఎన్ని మెట్లున్నా సరే, ఏపీ.గవ్.ఇన్ కూడా సరే. సైటు సర్టిఫికెట్‌లో అదే మాటకు ఒక్క మెట్టే. నెట్‌లో దొరికిన ప్యాటర్న్ కాపీ చేసేవాళ్ళు అది దేనికి రాసిందో చూడరు, అక్కడే వస్తాది చిక్కు.

నన్నడిగితే ఈ పనికి స్టార్ అవసరమే లేదు. ముందు యూఆర్ఎల్‌స్ప్లిట్‌తో అడ్రసు విడగొట్టండి. హోస్ట్‌నేమ్ మాత్రం తీసుకోండి, అది పెద్దక్షరాల్ని చిన్నక్షరాలు చేసే ఇస్తాది. ఆ పేరు ".గవ్.ఇన్"తో, చుక్కతో సహా, ముగిసిందా అని ఎండ్స్‌విత్‌తో చూడండి. రెండు మూడు లైన్ల పని.

"అంత కఠినంగా పెడితే అసలువి కూడా పోతాయి" అంటాండారు. పోతాయి, ఒప్పుకుంటా. ఏపీ గురుకులాల ప్రవేశ దరఖాస్తులు ఏపీఆర్ఎస్.ఏపీసీఎఫ్ఎస్ఎస్.ఇన్ అనే అడ్రసులో తీసుకుంటారు. అది ప్రభుత్వానిదే, అయినా గవ్.ఇన్ లేదు. ఇది మాత్రం ప్రభుత్వం తప్పే. ఏపీ.గవ్.ఇన్ చేతిలో పెట్టుకుని, ఐదో తరగతి సీటు కోసం వచ్చే గిరిజన తల్లిదండ్రులను వేరే పేరు నమ్మమంటే ఎట్లా? "గవ్.ఇన్ ఉంటేనే నమ్మండి" అని మనం తండాలో చెప్పే మాటను వాళ్ళే అబద్ధం చేస్తాండారు. అన్ని దరఖాస్తులూ ఏపీ.గవ్.ఇన్ కిందికి తేవాలని మన విద్యార్థి సంఘాలు ఒక వినతిపత్రం ఇవ్వాల. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ఇచ్చేదాంట్లోనే ఇదొక పాయింటు చేర్చినా సరిపోతాది.

అంతవరకు అట్లాంటి సైట్ల పేర్లు ఒక్కొక్కటి పూర్తిగా లిస్టులో రాసి పెట్టుకోవాల, ప్యాటర్న్‌తో కాదు. ఆ లిస్టులో పేరు చేర్చే ముందు ఇద్దరు చూడాల, ఒకరన్నా నోటిఫికేషన్ కాగితం చదివి ఉండాల. కోడు రాసే తమ్ముళ్ళు పైన చెప్పిన దొంగ అడ్రసులన్నీ దానికి పెట్టి చూడండి. ఏ ఒక్కటి పాసైనా గ్రూపులో పెట్టొద్దు. మీకు వచ్చిన అనుమానం లింకులు ఉంటే నొక్కకుండా స్క్రీన్‌షాట్ తీసి అడ్మిన్‌లకు పంపండి, పరీక్షకు అవే పనికొస్తాయి.