సూది గుచ్చుకుంటే దాచొద్దు.. మొదటి 2 గంటలే కీలకం

సిద్దిపేట: జిల్లా కేంద్రంలో 2018లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. వార్డుల్లో సూది పట్టే కొత్త చేతులు పెరిగాయి. వాడిన సూది ఆ చేతికే గుచ్చుకుంటే? రోగికి హెచ్ఐవీ ఉంటే సోకే ముప్పు సుమారు 0.3 శాతం. అదే హెపటైటిస్-బి అయితే, టీకా వేసుకోనివారికి 30 శాతం దాకా!

హెచ్ఐవీ నివారణ మందులు వీలైతే 2 గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. కానీ తిడతారనే భయంతో చాలామంది బయటికి చెప్పరు. టైమ్ అక్కడే పోతోంది.

సూదిని మామూలు చెత్త సంచిలో పడేస్తే దెబ్బ సఫాయి కార్మికులకే. సిబ్బందికి హెపటైటిస్-బి టీకా వేయించాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కాంట్రాక్టు కార్మికులకూ అది అందిందా? ఆసుపత్రులు ముందు తేల్చాల్సింది ఇదే.