అత్తమ్మ ఫోటోకు ఏ లెన్సు?

ఉసిరికాయ తొక్కు గురించి ఈ వారం రాస్తానన్నాను గానీ, అది వచ్చే వారం చెప్పుకుందాం. మా ఇంట్లో మొన్న ఒక కొనుగోలు జరిగింది. వంటకు సంబంధం లేదు గానీ ఇంటికి సంబంధం ఉంది.

మా మామయ్య కాలం చేసి మూడేళ్ళయింది. దశదినకర్మ నాడు దండ వేయడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతికాం. పెళ్ళిళ్ళలో గుంపుగా దిగినవే తప్ప ఆయన ఒక్కరిదీ లేదు. చివరికి గ్రూపు ఫోటోలోంచి ముఖం కత్తిరించి పెద్దది చేయించాం. కళ్ళు మసక, భుజం మీద ఎవరిదో చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో ఇప్పటికీ తెలియదు. అది చూసినప్పుడల్లా మా అత్తమ్మ, "నాకు గట్ల జేయకుండ్రి బిడ్డా, నేనుండంగనే మంచిగ ఒకటి తియ్యుండ్రి" అంటుంది. ఆమెకిప్పుడు 78 ఏళ్ళు. ఆ మాట వింటే నాకు గుండె కలుక్కుమంటుంది.

మా అమ్మాయి శ్రీమంతాలకు, తొట్టెల ఫంక్షన్లకు ఫోటోలు తీస్తుంది. పోయిన ఏడు పాతది ఒక సోనీ ఏ7సీ కెమెరా కొనుక్కుంది. చూస్తే చిన్నది, బ్యాటరీతో కలిపి 509 గ్రాములే. కానీ లోపల ఫోటో పడే పలక మాత్రం పాత రీలు ఫోటో అంత, అంటే 36 మిల్లీమీటర్లకు 24. దీన్నే ఫుల్ ఫ్రేమ్ అంటారట. దాంతో పాటు వచ్చిన చిన్న జూమ్ లెన్సుతో కోమటిచెరువు కట్ట మీద తీస్తే ఫోటోలు బ్రహ్మాండం. ఇంట్లో తీస్తే మాత్రం ముఖం మీద ఉప్మా రవ్వ చల్లినట్టు చుక్కలు!

"అమ్మా, ప్రైమ్ లెన్స్ కావాలె" అంది.

"గదేంది మళ్ళ?" అన్నాను.

దగ్గరికీ దూరానికీ జరగని లెన్సును ప్రైమ్ అంటారట. జూమ్ ఉండదు, మనమే ముందుకో వెనక్కో నడవాలి. పని ఒక్కటే కాబట్టి తక్కువ ధరలోనే పెద్ద నోరు ఉన్నది దొరుకుతుంది. లెన్సు మీద ఎఫ్ అని ఒక అంకె ఉంటుంది. అంకె ఎంత చిన్నదైతే నోరు అంత పెద్దది. ఎఫ్ 5.6 కంటే ఎఫ్ 1.8 దాదాపు పది రెట్లు వెలుతురు తీసుకుంటుంది. వెనకాల గోడ మీద క్యాలెండరు, తాడు మీద బట్టలు మెత్తగా మసకబారి ముఖం ఒక్కటే తేరుకుని కనిపిస్తుంది.

నా చిట్టీ డబ్బులు 30 వేలు ఉన్నాయి. హైదరాబాదులో ఒక దుకాణానికి వెళ్తే, "పోర్ట్రెయిట్ అంటే 85 మిల్లీమీటర్లే మేడం" అంటూ లక్ష దాటిన ఎఫ్ 1.4 లెన్సు ముందు పెట్టాడు. ఎత్తి చూస్తే కెమెరా కంటే అదే బరువు. మా అమ్మాయి కళ్ళు మెరిశాయి. నేను మాత్రం "ఇల్లు కొలుచుకుని వస్తాం బాబూ" అని లేచాను. అతను నవ్వాడు. నవ్వనీండి.

మా నడిమింటి గది 10 అడుగులకు 12. టేపు తీసి లెక్క వేశాం. నిలువు ఫోటోలో మనిషి కాళ్ళతో సహా పట్టాలంటే 50 మిల్లీమీటర్ల లెన్సుకు 9 అడుగుల దూరం చాలు. 85 అయితే 15 అడుగులు కావాలి. అంటే మా అమ్మాయి గోడ అవతల వంటింట్లో నిలబడాలి! ఛాతీ వరకు తీయాలంటే 85కు అయిదడుగుల కంటే తక్కువే చాలు. 50తో అంతే పెద్దగా రావాలంటే మూడడుగుల లోపలికి పోవాలి. అంత దగ్గరికి పోతే ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా వస్తాయి. అది లెన్సు తప్పు కాదు, దగ్గరతనం తప్పు. కాబట్టి 50తో అయినా అయిదడుగుల దూరంలోనే ఉండి, నడుము దాకా తీసి, తర్వాత కత్తిరించుకోవాలి.

ధర చూస్తే 50 ఎఫ్ 1.8 నా చిట్టీలో సరిపోతుంది. 85 ఎఫ్ 1.8కి దానికి రెట్టింపు పైనే. బరువు కూడా సోనీలో 50ది 186 గ్రాములు, 85ది 371. కెనాన్ చిన్న కెమెరా ఉన్నవారికి ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8 ఉంది, 160 గ్రాములే. నికాన్ జెడ్ వారికి 40 ఎఫ్ 2 తేలిక. ఫంక్షన్ హాళ్ళలో తీసేవారికి 85 మంచిది, అక్కడ జాగా ఉంటుంది కదా. మా అమ్మాయి పనంతా చిన్న ఇళ్ళలో, ఆడవాళ్ళ మధ్య. అందుకే 50 కొన్నాం.

ఆడవాళ్ళ ఫోటోలంటే గుర్తొచ్చింది. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టారు. అక్కడ ఫోటోలు తీసింది కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. అంటే మా అమ్మాయి చేస్తున్న పని మనకు కొత్తదేమీ కాదు.

పోయిన ఆదివారం పొద్దున వాకిలి తలుపు తెరిచి, వెలుతురు పక్క నుంచి పడేలా అత్తమ్మను పీట మీద కూర్చోబెట్టాం. ట్యూబులైటు ఆర్పేశాం. మన సిద్దిపేట గొల్లభామ చీర కట్టుకుంది. ఎఫ్ 1.8లో తీస్తే కన్ను స్పష్టం, చెవి మసక. ఎఫ్ 2.8కి మార్చి, కంటి మీద ఫోకస్ పెడితే బాగా కుదిరింది. కత్తిరించినా 10 అంగుళాలకు 12 ఫ్రేముకు చక్కగా సరిపోయింది.

అత్తమ్మ ఫ్రేమును చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "ముడతలన్నీ పడ్డయ్" అంది. తుడిపించమంటావా అని మనుమరాలు అడిగితే, "వద్దు, అవి నావే" అని, "హాల్ల పెట్టుండ్రి, దండ మాత్రం ఇప్పుడే వెయ్యకుండ్రి" అని నవ్వింది. మామయ్య ఫోటో వంక చూసి నేను లోపలికి వెళ్ళిపోయాను.

కొనే అక్కచెల్లెళ్ళకు నాలుగు మాటలు. కుక్కరుకు గాస్కెట్ లాగే కెమెరాకు లెన్సు కుదరాలి, అన్నీ అన్నిటికీ పట్టవు. సోనీలో ఎఫ్ఈ అని, కెనాన్ లో ఆర్ఎఫ్ అని చూసుకోండి, ఆర్ఎఫ్-ఎస్ అయితే చిన్న పలకది. పాతది కొంటే టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూడండి, బిల్లు అడగండి. వానాకాలం సిలికా జెల్ పొట్లాలు వేసి గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. కొంగుతో మాత్రం తుడవకండి, దుమ్ముకు గీతలు పడతాయి.

అన్నిటికంటే ముఖ్యం, లెన్సు లేకపోయినా సరే, ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ళను వాకిట్లో కూర్చోబెట్టి సెల్లుతోనైనా ఒకటి తీయండి. ఉసిరికాయ తొక్కు వారం ఆగినా పాడవదు.