కుంటాలకు గోనెసంచితో వెళ్దాం

రోహిణి కార్తె చివర్లో కరీంనగర్ నుండి వచ్చిన స్నేహితులతో కలిసి కుంటాల వెళ్లాము. వానాకాలంలో దాదాపు 45 మీటర్ల ఎత్తు నుండి దూకే కడెం వాగు బండల మీద సన్నటి ధారగా ఉంది. నీళ్లు తగ్గేసరికి మనుషులు వదిలినవి బయటపడ్డాయి: ప్లాస్టిక్ సీసాలు, బిర్యానీ పొట్లాలు, గాజు పెంకులు. ఎండల్లో పశువులకూ అడవి జంతువులకూ దిక్కు ఆ మడుగులే.

ఆదికాండము 2:15 ప్రకారం దేవుడు నరుని తోటలో ఉంచింది సేద్యపరచడానికే కాదు, కాయడానికి కూడా. ఆ వాక్యం చదివే మనమే చెత్త పారేసి వస్తే మన సాక్ష్యమేమిటి?

సంఘ యవనస్థులు విహారయాత్రకు వెళ్తే అన్నం గిన్నెలతో పాటు ఖాళీ గోనెసంచి కూడా తీసుకెళ్లాలని మా మనవి. పాటలు పాడడం ఆరాధనైతే, గాజు పెంకులు ఏరడమూ ఆరాధనే. మృగశిర వానలకు వాగు నిండితే ఆ చెత్తంతా కడెం ప్రాజెక్టుకు, గోదావరికి పోతుంది. అంతకుముందే వెళ్దాం.