ధాతువు కంటె పాకమే ప్రధానము

చెరకు రసము ఒక్కటియే. పాకము కుదిరినచో అది బంగారువన్నె బెల్లమగును. తప్పినచో నల్లని ముద్దయై ధర పలుకదు. ఈ సంగతి మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఉష్ణమునుండి విద్యుత్తును పుట్టించు పదార్థముల విషయమునను ఇదియే న్యాయమని యిటీవలి పరిశోధనలు రుజువు చేసినవి.

ఒక కొన వేడిగను, రెండవ కొన చల్లగను ఉంచినచో కొన్ని పదార్థములయందు విద్యుత్తు పుట్టును. 1821లో దీనిని పరిశీలించిన సీబెక్ పండితుని పేరనే ఈ ధర్మము నేటికిని వ్యవహరింపబడుచున్నది. ఇందు తిరుగు చక్రము లేదు, అరుగు కీలు లేదు. 1977లో అంతరిక్షమున కెగసిన వాయేజరు నౌకలు రెండును సూర్యరశ్మి చాలని దూరములకు పోగలుగుటకు ప్లుటోనియపు వేడిమిని ఇట్లు విద్యుత్తుగ మార్చుకొనుటయే ఆధారము. పల్నాటియందును, నల్లగొండ సీమయందును గల సిమెంటు కర్మాగారములలో తిరుగు కొలుముల పైరేకు వందలకొలది డిగ్రీల వేడితో కాగుచు గాలి పాలగుచున్నది. ఆ వేడిలో కొంతయైనను విద్యుత్తుగ చేజిక్కినచో లాభము గాదా?

లాభమే, కాని పదార్థము చేతకానిదిగ నుండెను. ఈ పనికి విద్యుత్తు సులభముగ పారవలెను, వేడి మాత్రము పారరాదు. ప్రకృతియందు సాధారణముగ ఈ రెండును కలిసియే నడచును. పదార్థముయొక్క సామర్థ్యమును తెలుపుటకు శాస్త్రజ్ఞులొక యోగ్యతాంకమును ఏర్పరచుకొనిరి. 1950 దశకమున బిస్మతు టెల్లూరైడు వాడుకలోనికి వచ్చినది మొదలు నలువది యేండ్లకు పైగా ఆ అంకము 1 దరిదాపులనే నిలిచిపోయెను. అంగడిలో దొరకు పరికరములు తమలోనికి ప్రవేశించిన వేడిలో నూటికి అయిదు పాళ్లు విద్యుత్తుగ నిచ్చుటయే గొప్ప.

ఈ ప్రతిష్టంభనమును తొలగించిన వానిలో ముఖ్యమైనది పాకము. 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు అంగడిలో దొరకు బిస్మతు, ఆంటిమొని, టెల్లూరియముల మిశ్రమపు దిమ్మలనే తీసికొని, గుండ్లు నింపిన మరలో అతి సూక్ష్మమగు పొడి చేసి, ఆ పొడిని వేడిమీద అదిమి మరల గట్టిదిమ్మగ చేసిరి. ధాతువులు మారలేదు. అయినను నూరు డిగ్రీల సెంటిగ్రేడు వద్ద యోగ్యతాంకము 1.4కు పెరిగెను. పదార్థములో వేడిని మోయునది చాలవరకు అణువుల కంపనమే. సూక్ష్మకణముల సరిహద్దులు ఆ కంపనములను చెదరగొట్టును. విద్యుత్తును మాత్రము చాలవరకు పోనిచ్చును. పిండిని వదలి తౌడును నిలుపు జల్లెడ వంటిదన్నమాట.

అయితే ఆ కంపనములన్నియు ఒకే పొడవు గలవి కావు గనుక ఒక్క జల్లెడ చాలదు. అణువుల మేర, దానికి మించిన సూక్ష్మకణముల మేర, అంతకు పెద్దవియగు రేణువుల మేర, మూడంతస్తుల అడ్డుకట్టలను ఒకే పదార్థమున అమర్చి 2012లో సీసపు టెల్లూరైడుయొక్క అంకమును 2.2కు చేర్చిరి. ఆ కృషియందు ముందు నిలిచినవాడు భారతీయుడగు కనిష్క బిశ్వాసు. ఆయన స్వదేశమునకు వచ్చి బెంగళూరునందలి జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రమున పనిచేయుచు, సహచరులతో కూడి 2021లో సీసము లేని వెండి-ఆంటిమొని టెల్లూరైడులో స్వల్పముగ కాడ్మియమును చేర్చి, అణువుల అమరికను చక్కబరచి, మూడువందల డిగ్రీల వద్ద 2.6ను సాధించెను. ఆ యేడే కొరియా, అమెరికా శాస్త్రజ్ఞులు తగరపు సెలినైడు కణములమీది ఆమ్లజనితపు పొరను తొలగించి అంకమును 3.1 వరకు తెచ్చిరి. కంటికి కానరాని ఆ పొరయే అంతవరకు వేడిని దాటించు వంతెనయై యుండెను!

ఇంతమాత్రమున చంకలు గుద్దుకొనరాదు. ప్రయోగశాలలోని చిన్న బిళ్ల వేరు, కర్మాగారమున ఏండ్ల తరబడి కాగవలసిన పరికరము వేరు. దీర్ఘకాలపు వేడికి సూక్ష్మకణములు మరల పెరిగి ఒండొంటితో కలిసిపోవచ్చును. లోహపు అతుకులు బీటలువారవచ్చును. ఈ పరీక్షలకు నిలిచిన పాకమే పాకము.

2025 ఫిబ్రవరిలో చైనా ప్రభుత్వము బిస్మతు, టెల్లూరియముల ఎగుమతిపై నియంత్రణము విధించెను. ధాతువు పరుల చేతిలో నున్నప్పుడు మనకు మిగులునది నేర్పు. ఉన్న కొలది ధాతువుతో హెచ్చు ఫలమును రాబట్టుటయు, మగ్నీషియము వంటి సులభద్రవ్యములను పనికి తెచ్చుటయు ఆ నేర్పుమీదనే ఆధారపడి యున్నవి.

ఆ నేర్పు మన జాతికి క్రొత్తది కాదు. తెలంగాణమునందలి కోనసముద్రమున కమ్మరులు ఇనుమును మట్టిమూసలలో కరగించి, మెల్లగ చల్లార్చి చేసిన ఉక్కు కొఱకు పారసీక వర్తకులు దూరాభారమోర్చి వచ్చుచుండిరి. ఖడ్గములపై కానవచ్చు అలలగీతలు ఆ పాకముయొక్క ముద్రలే. పందొమ్మిదవ శతాబ్దమున ఆ కొలుములు చల్లారెను. ఇనుపరాయి నేలలోనే యున్నది. ఎరిగిన చేతులు పోయినవి.

మరల అట్లు కారాదు. 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గము పరిశోధనాభివృద్ధులకై లక్ష కోట్ల రూపాయల నిధిని ఆమోదించెను. హైదరాబాదు చెంత బాలాపురమున లోహచూర్ణ విద్యకును నూతన పదార్థములకును అంకితమైన పరిశోధన కేంద్రము గలదు. కావున మేము కోరునది రెండే. గ్రాములలో తేలిన పాకమును కిలోలలో చేసి, నిష్పక్షపాతముగ పరీక్షించు కార్యశాలను ప్రభుత్వము నెలకొల్పవలెను. సిమెంటు యజమానులు పరీక్షకై తమ కొలుములలో ఒక్కదానినైన నియ్యవలెను. విద్వాంసులు తమ వంతు నెరవేర్చిరి. తక్కిన వంతు ధనమును, అధికారమును గలవారిది. వారు తడసినచో, మన బెంగళూరున పుట్టిన విద్యతో ఇతరులు చేసిన వస్తువును రేపు మనమే ధరపెట్టి కొనవలసి వచ్చును.