దారి మింగిన దిబ్బలు

2024 జూలైలో భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లోకి ప్రొక్లెయినర్లు దిగాయి. ఆ భూమి తమదని చెబుతున్న ఒక గృహనిర్మాణ సంఘం నేల చదును చేయించి, ఇళ్ల స్థలాలకు దారులు తీయిస్తోంది. తవ్విపోసిన ఎర్రమట్టి ఫొటోలు ఒక్కరోజులో ఊళ్లన్నీ చుట్టాయి. చుట్టుపక్కల జనం, పర్యావరణ కార్యకర్తలు, భూగర్భశాస్త్రం చదువుకున్నవాళ్లు, రాజకీయ పక్షాలవాళ్లు అభ్యంతరం చెప్పారు. పని ఆగింది. అప్పటికే చదునైపోయిన మేర మాత్రం ఇక తిరిగి రాదు.

ఇది విశాఖ జిల్లా గొడవ, మనకెందుకని శ్రీకాకుళం, విజయనగరం పాఠకులు అనుకోనక్కర్లేదు. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలుగా విడివడకముందు ఇదంతా ఒకే నేల. ఇవాళ ఈ తీరాన్ని మళ్లీ ఒకే తాడుతో కడుతున్నది రోడ్డే. విజయనగరం జిల్లా భోగాపురంలోని విమానాశ్రయాన్ని విశాఖతో కలపడానికి తీరం వెంబడి వెడల్పాటి రహదారి వేయాలన్న ప్రతిపాదన కొన్నేళ్లుగా ఉంది. ఇప్పుడున్న బీచ్ రోడ్డు మీద విశాఖ నుంచి భీమిలి వెళ్తుంటే ఎడమచేతి వైపు తొట్లకొండ, బావికొండ వస్తాయి. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. రెండువేల ఏళ్లనాటి బౌద్ధారామాలు, వాటికి పదింతల వయసున్న ఇసుక దిబ్బలు ఒకే దారి పక్కన ఉన్నాయి. ఆ దారిని వెడల్పు చేస్తామన్నప్పుడల్లా, ఆ కొండల మీద కట్టడాలకు స్థలాలు ఇస్తామన్నప్పుడల్లా విశాఖలో లేఖలు, వ్యాజ్యాలు, ధర్నాలు మొదలవుతాయి. మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఏ.ఎస్. శర్మ లాంటివారు ఏళ్ల తరబడి ఒకే మాట రాస్తున్నారు: ముందు హద్దు తేల్చండి.

ఆ మాటలో ఎంత అర్థముందో తెలియాలంటే ఈ దిబ్బలు ఎలా పుట్టాయో తెలియాలి. సుమారు 18,500 నుంచి 20,000 ఏళ్ల కిందట, గడిచిన మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా దిగువకు పోయింది. బయటపడిన సముద్రగర్భపు ఇసుకను గాలి ఎత్తి తీరాన గుట్టలుగా పోసింది. వాన, ఎండ, ఇనుము కలిసి దానికి ఎర్రరంగు పట్టించాయి. వాన గెడ్డలై దాన్ని కోసి లోయలు చేసింది. ఇలాంటి నేల దక్షిణాసియాలో తమిళనాడు తేరీల దగ్గర, శ్రీలంకలో తప్ప పెద్దగా లేదు. భారత భూవిజ్ఞాన సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతోపాటు ఇది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. అయినా రోడ్డు వేసే కంట్రాక్టరు కంటికి అది తవ్వుకోవడానికి వీలైన ఎర్రమట్టి. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఉత్తరాంధ్ర వారసత్వంలో మట్టి, ఇటుక, ఇసుకలదే పెద్ద వాటా. హంపిలా, లేపాక్షిలా కళ్లు చెదిరే రాతి మంటపాలు తక్కువ. శ్రీముఖలింగం గుడుల్లాంటివి ఉన్నాయి, కానీ వాటి చుట్టూ ఉన్న చరిత్రలో ఎక్కువ భాగం దిబ్బల్లో ఉంది. చూడగానే ఇది చరిత్ర అనిపించని చరిత్ర అది. రోడ్డుకు గ్రావెల్ కావాల్సివచ్చినప్పుడు మొదట బలయ్యేదీ అదే.

ఇది ఊహ కాదు, తెలుగు నేల మీద జరిగిన సంగతి. 1870 ప్రాంతంలో గుంటూరు సీమలోని భట్టిప్రోలు మహాస్తూపాన్ని ప్రభుత్వ ఇంజనీర్లే పగలగొట్టించారు. ఇటుకలు రోడ్డుకు, చలువరాతి పలకలు కాలువ తూముకు పోయాయి. గుడివాడ స్తూపాల ఇటుకలు బెజవాడ–బందరు రోడ్డు కిందికి వెళ్లాయి. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలులో మిగిలిన అడుగుభాగాన్ని తవ్వినప్పుడు ధాతువులు దాచిన రాతి బరిణెలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో ఎవరూ అంతవరకు చూడని ఒక రూపం ఉంది, కుబీరకుడనే రాజు పేరు ఉంది. దక్షిణాది లిపుల పుట్టుక గురించి మాట్లాడేవాళ్లెవరూ ఇవాళ ఆ బరిణెలను దాటిపోలేరు. కంట్రాక్టరు గడ్డపార ఇంకో నాలుగడుగులు లోతుకు దిగి ఉంటే ఆ అక్షరాలు కంకరలో కలిసిపోయేవి. అప్పట్లో అడ్డుపడ్డవాళ్లు లేరు. పోయినదాని గురించి బాధపడ్డవాళ్లు తర్వాత వచ్చారు.

శ్రీకాకుళం జిల్లా అదృష్టం వేరే. వంశధార ఒడ్డున, కళింగపట్నం రేవుకు దగ్గరలో ఉన్న శాలిహుండం కొండ మీద బౌద్ధ శిథిలాలున్నాయని 1919లో లోకానికి చెప్పింది ఇంజనీరో దొరగారో కాదు, గిడుగు వెంకట రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవరల భాషకు వ్యాకరణం రాసిన మనిషి ఈ చుట్టుపక్కల శాసనాలనూ వదల్లేదు. వ్యావహారిక భాష కోసం పోరాడినవాడిగానే ఆయన మనకు తెలుసు. జనం నోటి మాటకు ఎంత విలువ ఇచ్చారో, జనం కాలికింది ఇటుకకూ అంత విలువ ఇచ్చారు. తర్వాత జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, చైత్యగృహం, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. ఆర్. సుబ్రహ్మణ్యం నివేదిక 1964లో అచ్చయింది. ముందుగా చూసినవాడు ఒకడున్నాడు కాబట్టి శాలిహుండం మిగిలింది.

అంత అదృష్టం అన్నిటికీ పట్టలేదు. సరుబుజ్జిలి మండలంలో దంతవరపుకోట ఉంది. బుద్ధుడి దంతధాతువు శ్రీలంకకు బయల్దేరిన దంతపురం ఇదేనని కొందరు చరిత్రకారుల వాదం. కాదు, ఒడిశాలో ఉందని మరికొందరంటారు. వాదం సంగతి ఎలా ఉన్నా కోటగోడ మట్టిది. ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో బృహత్ శిలాయుగపు సమాధి ఉంది. దాని పైకప్పు దాదాపు 36 అడుగుల పొడవున్న ఒకే బండ. ఆమదాలవలస దగ్గరే సంగమయ్య కొండ మీద జైనుల ఆనవాళ్లున్నాయి. విజయనగరం జిల్లా రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద బౌద్ధుల ఇటుక కట్టడాలు, దుర్గకొండ గుహలో చాళుక్య విమలాదిత్యుడి కాలపు జైన శాసనం ఉన్నాయి. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే గురువు పేరు ఆ రాతి మీద చదువుకోవచ్చు. ఈ చోట్లన్నిటికీ రోడ్డు రెండు వైపుల నుంచీ వస్తుంది. ఒకటి వెడల్పుగా, ఇంకొకటి క్వారీగా. పక్క ఊరి రోడ్డుకు కావాల్సిన మెటలూ గ్రావెలూ ఏ కొండ నుంచి వస్తున్నాయో అడిగేవాళ్లు తక్కువ. తారు వేసిన చోట కంటే రాయి తీసిన చోటే నష్టం ఎక్కువ జరగవచ్చు, కానీ అక్కడ కెమెరా ఉండదు.

మట్టిలో ఉన్నది కంటికి ఆననప్పుడు ఏం జరుగుతుందో ఐర్లండు అనుభవం చెబుతుంది. అక్కడి పురాతన రాజుల పీఠమైన తారా కొండ పక్కనుంచి ఎం3 మోటారు రహదారి వేస్తామన్నప్పుడు ఏళ్ల తరబడి ఆందోళన సాగింది. నోబెల్ పొందిన కవి షేమస్ హీనీ బహిరంగంగా వ్యతిరేకించాడు. 2007లో రోడ్డు పనిలోనే లిస్మల్లిన్ అనే చోట ఇనుపయుగపు వలయం బయటపడింది. రాళ్లు లేవు, గోడలు లేవు. కుళ్లిపోయిన కర్రస్తంభాలు నేలలో వదిలిన నల్లటి మట్టి మచ్చలు వరసకట్టి, దాదాపు 80 మీటర్ల వలయంగా ఉన్నాయి. ప్రభుత్వం దాన్ని జాతీయ కట్టడమన్నది, తవ్వి కొలతలు రాసుకుంది, ఆ మీదట రోడ్డు వేసింది. 2010 జూన్‌లో కార్లు తిరగడం మొదలైంది. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ పక్కన తలపెట్టిన సొరంగ రహదారి 2024 జూలైలో ఆగిపోయిందని వారసత్వ ప్రేమికులు సంబరపడ్డారు. అయితే ప్రభుత్వం చెప్పిన కారణం డబ్బు లేకపోవడం, రాళ్ల మీద గౌరవం కాదు.

రోడ్డే వద్దనేవాళ్ల మాట ఈ పత్రిక ఒప్పుకోదు. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీలో పురిటినొప్పులతో ఉన్న ఆడమనిషిని డోలీలో మోసుకొచ్చిన వార్త చదవని ఏడాది లేదు. అక్కడ రోడ్డంటే ప్రాణం. ఆ ఊళ్ల ముందు నిలబడి వారసత్వం కోసం కొన్నాళ్లు ఓపిక పట్టమని చెప్పే హక్కు పట్టణంలో కూర్చున్న ఎవరికీ లేదు. కానీ డోలీ మోస్తున్న ఊరికి దారి వేయడానికి ఏ స్తూపాన్నీ కూల్చనక్కర్లేదు. స్తూపాల మీదికి వస్తున్నవి ఎక్కువగా పర్యాటకం, స్థిరాస్తి, వేగం కోసం వేసే దారులు. ఈ రెండు అవసరాలనూ అభివృద్ధి అనే ఒకే ఖాతాలో రాయడం అన్యాయం.

నిజంగా జనానికి కావాల్సిన దారి పాతకట్టడం మీదుగా పోవాల్సివస్తే? దానికీ మన పొరుగునే జవాబుంది. తుంగభద్ర అవతలి ఆనెగొంది జనం హంపికి రావాలంటే పుట్టి ఎక్కాల్సివచ్చేది. వంతెన కావాలని వాళ్లడగడం న్యాయమే. ఆ వంతెనను తెచ్చి శిథిలాల నడుమ కట్టబోవడంతో 1999లో యునెస్కో హంపిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో వేసింది. వాదోపవాదాలతో పని ఆగి, మళ్లీ మొదలై, 2009 జనవరిలో ఆ వంతెన కూలి పనివాళ్లు చనిపోయారు. చివరికి కొంత దూరాన కడెబాగిలు దగ్గర వంతెన వచ్చింది, జనం దాటుతున్నారు. మొదటే అక్కడ కట్టి ఉంటే పదేళ్ల కాలం, ఆ ప్రాణాలు మిగిలేవి. వ్యతిరేకించినవాళ్ల వల్ల ఆలస్యమైందని అధికారులంటారు. కానీ గీత గీసేముందు అడగకపోవడం వల్లనే ఆలస్యమైంది.

చట్టం లేదా అంటే ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల దాకా నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ. 2010 సవరణ దీన్ని గట్టిపరచింది. నిషిద్ధ పరిధిలోనూ కేంద్రం ప్రజాపనులు చేసుకోవచ్చంటూ తెచ్చిన బిల్లు 2018 జనవరిలో లోక్‌సభ దాటింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపడంతో ఆగింది. ఆగింది కానీ ఆ ఆలోచన పోలేదు. పైగా ఈ 100 మీటర్ల కంచె కేంద్ర రక్షిత స్థలాలకే. రాష్ట్ర రక్షణలో ఉన్న తొట్లకొండ లాంటివాటి పరిధి ఎంతవరకన్నది ప్రభుత్వం ఒకటి, పౌరులు ఒకటి చెబుతూ హైకోర్టు దాకా వెళ్లారు. ఏ జాబితాలోనూ లేని దిబ్బకు దిక్కెవరు? ఊరి సర్వే పటంలో అది గుట్ట పోరంబోకుగానే ఉంటుంది. రోడ్డు ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) రాసే ఇంజనీరు ఆ పటాన్నే చూస్తాడు. అతణ్ణి తప్పుపట్టి లాభం లేదు, అతని చేతిలోని కాగితంలోనే చరిత్ర లేదు.

2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, విజయనగరం కోట దగ్గర పాతకాలపు మూడు లాంతర్ల స్తంభాన్ని కూల్చారు. శిథిలావస్థలో ఉందని, కూడలిని అభివృద్ధి చేసి కొత్తది కడతామని అధికారుల వివరణ. పట్టణం బాధపడింది, కోపగించుకుంది. అంతా కూల్చివేత తర్వాతే. ఉత్తరాంధ్ర జనానికి ఎదురుతిరగడం చేతకాదని ఎవరూ అనలేరు. 2010 జూలైలో సోంపేట, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి థర్మల్ కేంద్రాలకు ఎదురొడ్డి, బీల (చిత్తడి) భూముల కోసం ప్రాణాలిచ్చారు. ఆ పోరాటాల్లో ముందు సంగతి తెలిసింది, ప్రజాభిప్రాయ సేకరణ పేరుతోనైనా జనం నోరు విప్పే వేదిక దొరికింది. పాత దిబ్బల విషయంలో ఆ వేదిక లేదు. బీలలో చేప పట్టుకునేవాడికి, నీళ్లు పెట్టుకునేవాడికి తన నష్టం ఎంతో తెలుసు. దిబ్బ కింద ఏముందో ఊరికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. ఈ జిల్లాలన్నిటిలోనూ రెవెన్యూ, పురావస్తు శాఖలు కలిసి ప్రతి దిబ్బకూ, కొండకూ, మట్టికోటకూ సర్వే నంబర్లతో హద్దు తేల్చి గ్రామ రికార్డుల్లో ఎక్కించాలి. రోడ్డు అలైన్‌మెంట్ ఖాయం చేయకముందు ఆ పొడవునా పురావస్తు పరిశీలన జరగాలి. ఆ నివేదిక తెలుగులో గ్రామసభ ముందు చదవాలి. గ్రావెల్ తవ్వకానికి అనుమతిచ్చే గనుల శాఖకు కూడా అదే జాబితా వెళ్లాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, శ్రీకాకుళం బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఈ లెక్క తీయడానికి పనికొస్తారు.

మొదలుపెట్టడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. యునెస్కో తాత్కాలిక జాబితాలో కనీసం ఏడాది గడిచాక ఎర్రమట్టి దిబ్బల మీద పూర్తి ప్రతిపాదన పంపవచ్చు. ఆ ప్రతిపాదనకు స్థలం హద్దు, అవసరమైతే దాని చుట్టూ రక్షణ మండలం చూపే పటం తప్పనిసరి. రాష్ట్ర ప్రభుత్వం ఆ పటాన్ని ముందుగా జనం ముందు పెట్టాలి. భోగాపురం రోడ్డు మార్కింగ్ రాళ్లు దాని తర్వాతే పాతాలి.